రెండువందల పవర్‌లో మందెంత?

"ఎంత పవర్ ఇచ్చినారు సార్?" హోమియో మందు చేతిలో పడగానే మా వైపు అడిగే మొదటి మాట ఇదే. ముప్పై పవర్ అంటే నెమ్మదైనది, రెండువందలంటే గట్టిది, పదివేల పవర్ అంటే అనుభవమున్న డాక్టరు తప్ప ఇంకొకరు ముట్టకూడనిది అని జనంలో ఒక లెక్క స్థిరపడిపోయింది. అనంతపురం జిల్లాలో హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింది పల్లెల్లో సైన్సు పంతులుగా పనిచేసిన రోజుల్లో నాదీ అదే లెక్క.

ఇరవై ఏళ్ళు దాటిపోయినా ఆ ఉదయం కళ్ళముందే ఉంది. బడి వరండాలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, నాలుక చాపమని, తలా నాలుగు తెల్లటి గుళికలు వేశాం. ఆవగింజ కన్నా కాస్త పెద్దవి. మూత తీయగానే స్పిరిట్ వాసన, నాలుక మీద పడగానే పంచదార తీపి. రెండో తరగతి పిల్లలు చప్పరించేసి మళ్ళీ వెనక్కి పోయి వరసలో నిలబడ్డారు. చంకలో బిడ్డతో గేటు దగ్గర నిలబడ్డ ఒక తల్లి అడిగింది: "సార్, ఈ గోలీలు ఏసుకుంటే మా పిల్లోనికి మెదడువాపు రాదంటారా?"

"రాదు తల్లీ" అన్నాను. మందు పైనుంచి వచ్చింది, మాటా పైనుంచే వచ్చింది, రెండూ అలాగే పంచిపెట్టాను. సీసా మీద బెల్లడోనా 200 అని రాసి ఉంది. ఆ 200 అంటే ఏమిటో ఆ రోజు కాగితం మీద లెక్క వేసి చూసుకోలేదు. సైన్సు పంతులుగా నేను ముందు చేయాల్సిన పని అదే. తర్వాత చేశాను. ఆ లెక్కనే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

కరువు సీమలో దోమల జబ్బు

1999లో ఆంధ్రప్రదేశ్‌ను మెదడువాపు జ్వరం వణికించింది. మా జిల్లాలో అది అక్టోబరు, నవంబరు నెలల్లో విరుచుకుపడింది. ఆ నాటి అనంతపురం మహమ్మారి మీద మరుసటి ఏడాది ఒక వైద్య పత్రికలో పరిశోధన వ్యాసం కూడా అచ్చయింది. జబ్బు పేరు జపనీస్ ఎన్‌కెఫలైటిస్. పేరులో జపాన్ ఉంది గానీ మనకు కొత్తదేమీ కాదు. 1955లోనే మనకు పొరుగున ఉన్న వేలూరు ప్రాంతంలో దాని ఆనవాళ్ళు పట్టుకున్నారు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని నేల మాది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే ఖాళీ అయిపోయి వస్తాయి. ఈశాన్యపు వాన కోస్తాలో కురిసి ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతుంది. చుట్టూ వేరుశనగ చేలు. ఆ నేలలో నీళ్ళు నిలవవు. అలాంటి చోట దోమ జబ్బు ఎలా వచ్చింది? జవాబు కాలువలోనే ఉంది. తుంగభద్ర నుంచి ఎగువ కాలువ నీళ్ళు వచ్చాక బొమ్మనహాళ్, కణేకల్ వైపు వరిమళ్ళు వచ్చాయి. సెప్టెంబరు వానలకు చెరువుల్లో, కుంటల్లో కాసిన్ని నీళ్ళు చేరతాయి. ఈ వైరస్‌ను మోసే క్యూలెక్స్ జాతి దోమలకు ఇష్టమైన పుట్టిల్లు మురుక్కాలువ కాదు, ఎండ పడే పలుచని వరిమడి నీళ్ళు. ఆ మళ్ళలో దిగే కొంగల ఒంట్లో వైరస్ ఉంటుంది. దోమ అక్కణ్ణించి దాన్ని పందులకు చేరుస్తుంది. పంది ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, పందికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. ఊరి చివర పందుల దొడ్డి, దాని పక్కన మడి, ఆ పక్కన ఆరుబయట మంచాల మీద పడుకునే పిల్లలు. అంతే, గొలుసు పూర్తయినట్టే. మనిషి నుంచి మనిషికి ఇది సోకదు. మనిషి నెత్తుట్లో వైరస్ దోమకు అందేంతగా పెరగదు.

ఈ జబ్బు గురించి ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, తర్వాత అవసరం పడుతుంది. వైరస్ సోకిన ప్రతి 250 మందిలో ఇంచుమించు ఒక్కరికే మెదడు వాస్తుంది. మిగిలినవాళ్ళకు చిన్న జ్వరం, లేదా అసలేమీ తెలియదు. తెలియకుండానే వాళ్ళ ఒంట్లో రక్షణ ఏర్పడిపోతుంది. కానీ ఆ ఒక్కరి పరిస్థితి ఘోరం. మెదడు వాచినవాళ్ళలో పది మందికి ముగ్గురి దాకా చనిపోతారు. బతికినవాళ్ళలోనూ చాలామందికి కాలో చెయ్యో పడిపోవడం, మాట పోవడం, మూర్ఛలు జీవితాంతం మిగిలిపోతాయి. వైరస్‌ను నేరుగా చంపే మందు ఈ రోజుకీ లేదు.

1999 నాటికి మన దేశంలో ఉన్న టీకా ఒక్కటే. హిమాచల్‌లోని కసౌలి కేంద్ర పరిశోధన సంస్థ ఎలుక మెదడులో వైరస్‌ను పెంచి తయారుచేసేది. మూడు డోసులు వేయాలి, తయారయ్యేది తక్కువ. కళ్ళముందు పిల్లలు పోతున్నారు. టీకా చాలదు, మందు లేదు. అలాంటి ఘడియలో రాష్ట్ర ప్రభుత్వం హోమియో వైపు చూసింది. పిల్లలకు బెల్లడోనా 200, కల్కేరియా కార్బ్ 200, ట్యూబర్‌క్యులినం 10ఎం అనే మూడు మందులను కొన్ని రోజుల ఎడంతో ఒకదాని తర్వాత ఒకటి వేయాలన్నారు. మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి బీసీటీ అన్నారు. కొన్నేళ్ళపాటు లక్షలాది పిల్లలకు వేశారు. అప్పుడు ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళ తపనను నేను శంకించను. ఏదో ఒకటి చేయాలనే ఆరాటం అందరిదీ.

ఉమ్మెత్త పోలిక

మెదడువాపుకు బెల్లడోనానే ఎందుకు ఎంచుకున్నారు? మా సీమవాళ్ళకు ఇది అర్థం కావాలంటే ఉమ్మెత్తను గుర్తుచేసుకుంటే చాలు. బెల్లడోనా యూరప్ మొక్క, ఉమ్మెత్తకు దగ్గరి చుట్టం. రెండూ వంకాయ, మిరప కుటుంబంలోవే. రెండింట్లోనూ అట్రోపిన్ అనే విషం ఉంటుంది. దిబ్బల మీద ఆడుకుంటూ ఉమ్మెత్త గింజలు నమిలిన పిల్లవాణ్ణి చూసినవాళ్ళకు ఆ దృశ్యం మరపురాదు. ఒళ్ళు కాలిపోతుంది, ముఖం కందిపోతుంది, నోరు ఎండి నాలుక పిడచ కడుతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గాల్లో ఏదో ఉన్నట్టు చేత్తో పట్టుకోబోతాడు, సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. పైపైన చూస్తే ఇది మెదడువాపు జ్వరంలాగే ఉంటుంది.

హోమియోపతికి పునాది ఈ పోలికే. ఆరోగ్యంగా ఉన్నవాడిలో ఏ పదార్థం ఏ లక్షణాలు పుట్టిస్తుందో, అలాంటి లక్షణాలున్న రోగికి ఆ పదార్థమే అతి స్వల్పంగా ఇస్తే నయమవుతుందని జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ నమ్మాడు. బెల్లడోనాను అంటువ్యాధికి వాడటమూ ఆయనతోనే మొదలైంది. 1799లో కోనిగ్స్‌లుట్టర్ అనే ఊళ్ళో పిల్లలకు స్కార్లెట్ జ్వరం వచ్చింది. ఒక ఇంట్లో నలుగురు పిల్లల్లో ముగ్గురు పడిపోయారు, నాలుగో బిడ్డకు రాలేదు. ఆ బిడ్డ వేళ్ళ కీళ్ళ బాధకు అప్పటికే బెల్లడోనా తీసుకుంటోంది. హానిమన్ ఈ రెండింటినీ ముడిపెట్టాడు. ఒక అంటువ్యాధి వచ్చినప్పుడు దాని మొత్తం రూపానికి సరిపోయే ఒకే మందును ఊరందరికీ ఇవ్వచ్చన్న ఆలోచన అక్కణ్ణించి పెరిగింది. సరిగ్గా రెండువందల ఏళ్ళకు, 1999లో, అదే బెల్లడోనా మన రాష్ట్రంలో పిల్లల నాలుకల మీదికి వచ్చింది.

హానిమన్‌ను నేను చిన్నచూపు చూడను. నెత్తురు తీసి, పాదరసం తాగించి రోగుల్ని చంపుతున్న వైద్యం మధ్య, తక్కువ మందు ఇవ్వండి, రోగిని శ్రద్ధగా వినండి అన్న మనిషి ఆయన. ఆ కాలానికి అది పెద్ద దయ. కానీ ఒక ఇంట్లో నాలుగో బిడ్డకు జబ్బు రాకపోవడానికి కారణాలు చాలా ఉండచ్చు. ఆ బిడ్డకు అంతకుముందే సోకి పోయి ఉండచ్చు, ఈసారికి అంటకపోయి ఉండచ్చు. స్కార్లెట్ జ్వరానికి అసలు కారణం స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా అని 1920లలో తేలింది. దానికి పెన్సిలిన్ పనిచేస్తుంది. పైన కనబడే పోలిక లోపలి కారణాన్ని చెప్పదు. అట్రోపిన్ నరాల సందేశాలను అందుకునే చోట అడ్డుపడుతుంది. జపనీస్ వైరస్ మెదడు కణంలోకే దూరి దాన్ని నాశనం చేస్తుంది. జ్వరం, పలవరింత రెండుచోట్లా ఉన్నా లోపల జరిగేది వేరు.

పెన్నహోబిలంలో ఒక చుక్క

ఇక పవర్ దగ్గరికి వద్దాం. హోమియో వైద్యులు దాన్ని పొటెన్సీ అంటారు. మొక్కను స్పిరిట్‌లో నానబెట్టి తీసిన చిక్కటి రసం మదర్ టింక్చర్. అందులోంచి ఒక చుక్క తీసి 99 చుక్కల స్పిరిట్‌లో కలిపి గట్టిగా కుదుపుతారు. హానిమన్ తోలు అట్ట పుస్తకం మీద సీసాను కొట్టేవాడట. అది మొదటి మెట్టు, 1సి. అందులోంచి ఒక్క చుక్క తీసి మళ్ళీ 99 చుక్కల్లో కలిపితే 2సి. ఇలా ముప్పై మెట్లు ఎక్కితే 30. రెండువందల మెట్లు ఎక్కితే 200. వెయ్యి మెట్లయితే 1ఎం, పదివేలయితే 10ఎం. ప్రతి మెట్టులోనూ మందు నూరోవంతుకు పడిపోతుంది. జనం పవర్ పెరిగింది అనుకునే చోట నిజంగా పెరిగింది పలుచదనం.

ఈ తగ్గుదల ఎంత వేగంగా ఉంటుందో మన లెక్కలో చూద్దాం. మా పెన్నహోబిలం రిజర్వాయరు పూర్తి సామర్థ్యం 11 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు, దాదాపు 2,831 కోట్ల లీటర్లు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల చొప్పున వేస్తే, రిజర్వాయరు అంచుదాకా నిండినప్పుడు అందులో ఉండేవి సుమారు 62 కోట్ల కోట్ల చుక్కలు. ఒక చుక్క మదర్ టింక్చర్‌ను ఎనిమిదో మెట్టు పలుచదనానికి ఒకేసారి తీసుకురావాలంటే వంద కోట్ల కోట్ల చుక్కలు కావాలి. నిండు పెన్నహోబిలం చాలదు, దానికి మరో సగానికి పైగా కావాలి. ఇది ఎనిమిదో మెట్టు మాత్రమే. పదమూడో మెట్టుకు వచ్చేసరికి భూమ్మీద సముద్రాలన్నీ కలిపినా చాలవు, ఇలాంటి భూగోళాలు మూడు నాలుగు కావాలి. ప్రతి మెట్టులో ఒక్క చుక్కే ముందుకు తీసుకెళ్ళి మిగతాది పారబోస్తారు కాబట్టి పని చిన్న సీసాల్లో అయిపోతుంది. పలుచదనం మాత్రం అంతే.

ఇక్కడ ఇంకో హద్దు ఉంది. ఏ పదార్థాన్నయినా అలా సగం, నూరోవంతు, వెయ్యోవంతు చేసుకుంటూ అనంతంగా పోలేం. చివరికి అణువు దగ్గర ఆగిపోతాం. అణువును పంచలేం, పంచితే అది ఆ పదార్థం కాదు. ఒక గ్రాము శుద్ధమైన అట్రోపిన్‌లో ఎన్ని అణువులుంటాయో రసాయన శాస్త్రం లెక్క చెబుతుంది: 2 పక్కన 21 సున్నాలు. వినడానికి చాలా ఎక్కువ. కానీ నూరోవంతు చొప్పున తగ్గించుకుంటూ పోతే పదకొండో మెట్టుకే అవి అయిపోతాయి. పన్నెండో మెట్టు దాటాక సీసాలో ఆ మొక్క అణువు ఒక్కటైనా మిగలడం అరుదు. ముప్పై దగ్గర ఆ ఆశ కూడా లేదు. 200 అంటే 1 పక్కన 400 సున్నాలు పెట్టినంత పలుచన. మన కంటికీ దుర్భిణులకూ అందే విశ్వం మొత్తంలో ఉన్న పరమాణువులను లెక్కిస్తేనే 1 పక్కన 80 సున్నాలు. ఇక ట్యూబర్‌క్యులినం 10ఎంకి 1 పక్కన 20,000 సున్నాలు పెట్టాలి. పేజీకి రెండువేల చొప్పున అచ్చువేస్తే పది పేజీలు నిండా సున్నాలే.

హానిమన్ 1843లో కన్నుమూశాడు. అణువులు ఎంతుంటాయో తొలి అంచనా 1865లో గానీ రాలేదు. తన మెట్లు ఎక్కడ ఖాళీ అయిపోతున్నాయో ఆయనకు తెలిసే వీలు లేదు. మనకు ఆ వీలు ఉంది. ఆ ఖాళీ స్పిరిట్‌ను చివరికి పంచదార గుళికల మీద చిలకరిస్తారు, స్పిరిట్ ఆవిరైపోతుంది. నేను వరండాలో పిల్లల నాలుక మీద పెట్టింది పంచదార.

అణువు లేకపోయినా నీళ్ళు దాని గుర్తు దాచుకుంటాయన్న వాదన ఒకటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త బెన్వెనిస్తె 1988లో నేచర్ పత్రికలో అలాంటి ఫలితమే ప్రకటించాడు. పత్రిక సంపాదకుడే పరీక్షకులను వెంటబెట్టుకుని ఆయన ప్రయోగశాలకు వెళ్ళి, సీసాల పేర్లు కప్పేసి మళ్ళీ చేయిస్తే ఆ ఫలితం రాలేదు. ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2010లో లోహాలతో చేసే మందుల్లో 200 పొటెన్సీలోనూ నానో రేణువులు కనబడ్డాయన్నారు. అది లోహాల సంగతి. బెల్లడోనా మొక్క రసానికీ, ట్యూబర్‌క్యులినం తయారయ్యే క్షయ కణజాలానికీ అది వర్తించదు. రేణువు ఉండటం వేరు, జబ్బు తగ్గించడం వేరు. అదే ఏడాది కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో కోడిగుడ్డు పిండపు పొర మీద జపనీస్ వైరస్ పెంచి, బెల్లడోనా పలుచనలు ఇస్తే వైరస్ పొక్కులు తగ్గాయని రాశారు. గుడ్డు పొరకూ పల్లెలో పిల్లవాడికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం దాటే పరీక్షలు ఏవీ నిలబడలేదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో 176 అధ్యయనాలు జల్లెడ పట్టి, హోమియోపతి పనిచేస్తుందని నమ్మదగిన ఆధారమున్న జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. క్షయ, మలేరియా, హెచ్‌ఐవీ, పసిపిల్లల విరేచనాలకు హోమియో మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది. అయినా కరోనా వచ్చినప్పుడు, 2020లో, ఆర్సెనికం ఆల్బం 30 సీసాలు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాయి.

మిల్లీగ్రాముల బెల్లడోనా

బెల్లడోనాలోని అసలు పదార్థం ఎంత శక్తిమంతమో చూడాలంటే అనంతపురం జిల్లాలో ఏ పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికైనా వెళ్ళాలి. చేలో పురుగుమందు కొడుతూ ఒంటికి పట్టించుకున్న రైతును తెస్తారు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో గురగుర, కంటిపాప సూదిమొనంత. డ్యూటీ డాక్టరు మొదట అందుకునే మందు అట్రోపిన్ ఇంజెక్షను. మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, కొన్ని నిమిషాలకు మళ్ళీ నాడి చూస్తారు, ఛాతీ వింటారు, చాలకపోతే రెట్టింపు చేస్తారు. ఊపిరితిత్తులు తేటపడేదాకా ఆపరు. ఎక్కువైతే పలవరింత మొదలవుతుంది, అప్పుడు తగ్గిస్తారు. మోతాదు పెంచితే పని పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. మందుకు ఉండాల్సిన నడత అదే. ఉమ్మెత్త చుట్టంలోని విషమే ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది. కారణం, అది ఒంట్లో నిజంగా ఉంది.

అందుకే తక్కువ పొటెన్సీల విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పాలి. పన్నెండు లోపు మెట్లలో, ముఖ్యంగా మదర్ టింక్చర్లలో, పదోవంతు చొప్పున పలుచన చేసే ఎక్స్ రకాల్లో పదార్థం మిగిలి ఉండచ్చు. 2017 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ పసిపిల్లలకు పళ్ళొచ్చేటప్పుడు ఇచ్చే కొన్ని హోమియో మాత్రలను పరీక్షించి, బెల్లడోనా పాళ్ళు సీసామీద రాసినదానికంటే చాలా ఎక్కువగా, మాత్రకో తీరుగా ఉన్నాయని తల్లిదండ్రులను హెచ్చరించింది. హోమియో కదా, ఏమీ కాదులే అని పసిబిడ్డకు ఏ సీసా పడితే అది పోయకండి.

మరి జబ్బు తగ్గిందిగా?

ఈ మాటే నాతో చాలామంది అన్నారు. గోలీలు పంచిన తర్వాతి ఏళ్ళలో మెదడువాపు కేసులు తగ్గాయి, అదే సాక్ష్యం అన్నారు. న్యాయమైన ప్రశ్న, దానికి నిదానంగా జవాబు చెప్పాలి.

ఇందాకటి 250 లెక్క తీయండి. మహమ్మారి వచ్చిన ఏడాది ఒక మండలంలో పది మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారంటే, కనబడకుండా రెండున్నర వేల మందికి వైరస్ సోకి, రక్షణ వచ్చి ఉంటుంది. మరుసటి ఏడాది అదే దోమ కుట్టినా జబ్బు పడటానికి పిల్లలు తక్కువ. గోలీలు వేసినా వేయకపోయినా కేసులు తగ్గుతాయి. పైగా అది అనంతపురం. ఒక ఏడాది వాన పడి మడి నిండుతుంది, మరుసటి ఏడాది చెరువు నోరు తెరుచుకుని పడి ఉంటుంది. మడి లేకపోతే దోమ లేదు. భయంతో జనం పందులను ఊరికి దూరంగా తరిమారు, ఫాగింగ్ జరిగింది, దోమతెరలు కట్టుకున్నారు. వీటిలో దేనివల్ల ఎంత తగ్గిందో తేల్చాలంటే ఒక దారి ఉంది. యాభై ఊళ్ళకు మందు గుళికలు, పక్కనున్న యాభై ఊళ్ళకు ఉత్త పంచదార గుళికలు ఇవ్వాలి. ఏ సీసాలో ఏముందో పంచేవాళ్ళకు, జబ్బు లెక్కపెట్టేవాళ్ళకు తెలియకూడదు. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డ వెన్నునీరు పరీక్షించి జపనీస్ వైరస్సే కారణమని తేల్చాలి. ఆ తర్వాత పోల్చాలి. అలాంటి పోలిక లేకుండా కేసులు తగ్గిన ఘనతను గోలీలకు కట్టబెట్టలేం.

ఆ పరీక్ష ఎంత అవసరమో 2003 చెప్పింది. ఆ ఎండాకాలం చివర కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలు మళ్ళీ మెదడువాపుతో పడిపోయారు. 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. అందరూ పాత జబ్బే అనుకున్నారు. పుణెలోని వైరాలజీ సంస్థ తేల్చిన కారణం వేరు. అది చాందీపురా వైరస్, శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ మోసేది, 1965లో నాగపూర్ దగ్గరి ఒక పల్లెలో తొలిసారి దొరికింది. జ్వరం, వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం అన్నీ ఒకటే. లక్షణాలను చూసి మందు ఎంచే పద్ధతికి ఈ రెండు జబ్బులూ ఒకటిగానే కనబడతాయి. మెదడు మలేరియా కూడా అలాగే ఉంటుంది. బాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్, స్క్రబ్ టైఫస్ కూడా. ఈ చివరి మూడింటికి మందులున్నాయి, గంటల్లో మొదలుపెడితే బిడ్డ లేచి కూర్చునే అవకాశం ఉంటుంది. ఇంట్లో గుళికలతో గడిపిన ఒక రాత్రి ఆ బిడ్డకు చాలా ఖరీదైన రాత్రి.

హోమియో వైద్యులంటే నాకు గౌరవం తగ్గలేదు. గుడివాడలో 1945 నుంచి కళాశాల నడుస్తోంది, మాకు దగ్గర్లో కడపలో ఒకటుంది, రాజమండ్రిలో అల్లు రామలింగయ్య పేరుతో ఒకటి. ఈ వైద్యం తెలుగువాళ్ళ ఇళ్ళలో కలిసిపోయింది. ఆసుపత్రిలో రెండు నిమిషాలు కూడా ముఖం చూడని చోట, అరగంట కూర్చోబెట్టి, నిద్ర ఎలా పడుతోంది, దేనికి భయపడతావు అని అడిగే మనిషి దొరకడం రోగికి ఎంత ఊరటో నాకు తెలుసు. ఆ ఓపికను మిగతా వైద్యమంతా నేర్చుకోవాలి. కానీ ఊరట వైరస్‌ను ఆపదు. సూక్ష్మక్రిమి జబ్బు దగ్గరికి వచ్చేసరికి 30, 200, 10ఎం అన్న అంకెల మధ్య తేడా సీసామీద మాత్రమే ఉంది.

టీకాలోనూ కొంచెం రోగక్రిమే కదా ఇచ్చేది, హోమియో కూడా అంతేగా అని అడుగుతారు. టీకాలో ఇచ్చే వైరస్ పదార్థాన్ని మైక్రోగ్రాముల్లో తూచవచ్చు. వేసిన కొన్ని వారాలకు బిడ్డ నెత్తురు తీసి, రక్షణ ఎంత వచ్చిందో ప్రయోగశాలలో అంకెల్లో చూడవచ్చు. 200 పొటెన్సీలో తూచడానికి ఏమీ లేదు.

టీకా కథ మనకు చాలా దగ్గర్లోనే నడిచింది. 1980ల మొదట్లో కోలారు జిల్లాలో ఒక రోగి నుంచి జపనీస్ వైరస్‌ను వేరుచేశారు. కోలారు అంటే అప్పట్లో మా హిందూపురం సరిహద్దు దాటితే వచ్చే జిల్లా. ఇలాంటి ఎండిన పీఠభూమే, ఇలాగే చెరువుల మీద బతికే ఊళ్ళు, సగం ఇళ్ళలో తెలుగే. ఆ కోలారు వైరస్‌ను పుణె వైరాలజీ సంస్థ భద్రపరిచింది. దాన్ని కణాల్లో పెంచి, చంపి, శుద్ధిచేసి హైదరాబాదులోని భారత్ బయోటెక్ జెన్‌వాక్ టీకా తయారుచేసింది. 2013లో అది బయటికి వచ్చింది. అంతకుముందే, 2006 నుంచి, చైనా నుంచి తెప్పించిన టీకాతో దేశంలో జబ్బు ఎక్కువున్న జిల్లాల్లో పిల్లలకు వేయడం మొదలైంది. మన కరువు నేల మీద ఒక రోగి ఒంట్లో దొరికిన వైరస్సే ఇప్పుడు పిల్లలకు కాపలా కాస్తోందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

గేటు దగ్గర నిలబడ్డ ఆ తల్లికి ఈ రోజు జవాబు చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను. తల్లీ, జపనీస్ మెదడువాపు టీకా ఎంపికచేసిన జిల్లాల్లో బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఒకటి ఉచితంగా వేస్తారు. మన ఊళ్ళో వేస్తున్నారో లేదో ఏఎన్‌ఎంను అడుగు, కార్డు తీయించి చూపించుకో. వానాకాలం మొదలుకొని డిసెంబరు దాకా పొద్దుగూకే వేళ పిల్లల చేతులు కాళ్ళు కప్పు, రాత్రి దోమతెర కట్టు. పందుల దొడ్డి ఇళ్ళకు దూరంగా ఉండాలని పంచాయతీలో గట్టిగా అడుగు. బిడ్డకు జ్వరంతోబాటు మూర్ఛ వచ్చినా, మెడ బిగుసుకున్నా, పిలిస్తే పలకకపోయినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా చూడవద్దు. ఇంట్లో ఏ సీసా ఉన్నా పక్కన పెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపో.